కోడిపందెములు – టెలివిజను వారి వేడుక

సంక్రాంతి వచ్చుచున్నదనగా తెలుగు వార్తల టెలివిజను సంస్థలలో పెక్కింటికి ఒక పెద్ద పని తగులుకొనును. భోగినాటి తెల్లవాఱుజామునకే వారి కెమెరాలు గోదావరి మండలములలోని బరులకడకు చేరును. మైకు చేతబట్టిన యువకుడొకడు కంచెకు ఆనుకొని నిలిచి, డేగ గెలుచునా, కాకి గెలుచునా యని గొంతు చించుకొనుచుండును. హైదరాబాదు స్టూడియోలో పట్టుబట్టలు గట్టుకొని కూర్చున్నవారు నవ్వుచు, ఏ కోడిపై ఎన్ని లక్షలు ఒడ్డిరని యడుగుచుందురు. వెనుక డప్పుల మ్రోత, సినిమా పాట. తెర యడుగున ఎఱ్ఱని యక్షరములలో 'హోరాహోరీ' యను మాట పరుగులెత్తుచుండును. ఇంతలో ఒక కోడి ఱొమ్ము చీలి నేలబడును. కెమెరా మఱియొక బరివైపు మరలును. స్టూడియోలోని నవ్వు మాత్రము ఆగదు.

ఆ నవ్వును గూర్చియే మేమిప్పుడు వ్రాయుచున్నాము. కోడిపందెములవలన చెడిన సంసారములను గూర్చి, అమ్ముడుపోయిన పొలములను గూర్చి, బరుల ప్రక్కన వెలయు గుండాటలను గూర్చి, మద్యమును గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. ఆ మాటలన్నియు నిజములే. కాని మా యభియోగము వేఱు. బరిలో కోడికి కత్తి గట్టువాడొకడు, ఆ కత్తివేటును వేడుకగా జేసి ఇంటింటికి పంచువాడు మఱియొకడు. మొదటివానిని పోలీసులు అప్పుడప్పుడైనను పట్టుకొందురు. రెండవవానిని ఇంతవఱకు ఎవ్వరును పేరు పెట్టి నిలదీసినవారు లేరు. పైగా వానికి ప్రకటనల రాబడి కలదు, పండుగనాటి ప్రేక్షకుల లెక్క కలదు, 'మన సంస్కృతిని చూపుచున్నాడు' అను కీర్తియును గలదు.

గోదావరివారి గొడవ రాయదుర్గమువారికేల యని చదువరులలో కొందఱడుగవచ్చును. రాయదుర్గమునకు ఈ విషయమున గల సంబంధము చిన్నది గాదు. పాయెగా యనియు, పన్మక్త యనియు నైజాము కాలపు పేర్లతో నేటికిని రెవెన్యూ లెక్కలలో నిలిచియున్న ఈ గ్రామపు బండలమీద నేడు అద్దాల మేడలు లేచినవి. 2019లో మెట్రో రైలు ఇచ్చటికి వచ్చినది. 2020లో దుర్గము చెఱువుపై తీగల వంతెన తెఱచిరి. ఈ మేడలలో పనిచేయు యువకులలో ఎందఱో కోస్తా జిల్లాలవారు. పండుగ వారమున వారిలో సగము బస్సులెక్కి సొంతయూళ్లకు పోవుదురు. పోజాలనివారు చేతిలోని ఫోనున ఆ బరులనే చూతురు. కావున టెలివిజనువారు భీమవరమున కెమెరా నిలిపినను, వారు చూపు వేడుక రాయదుర్గపు ఇరువదవ యంతస్తులోని చదువుకొన్నవాని కొఱకే. ఆ చదువుకొన్నవాడు చూచుట మానినచో ఆ కెమెరా యచ్చట నొక దినమైనను నిలువదు.

అంతియే గాదు. చూపు వెంబడి బరియును పట్టణమునకు నడచివచ్చినది. 2025 ఫిబ్రవరిలో సైబరాబాదు పోలీసులు మొయినాబాదు మండలము తోలుకట్టలోని ఒక తోటయింటిపై దాడిచేసి, పందెములాడుచున్న 60 మందికి పైగా జనులను పట్టుకొనిరి. 84 కోళ్లను, కత్తులను, లక్షల కొలది రూకలను, పదుల కొలది కారులను స్వాధీనము చేసికొనిరి. ఈ తోలుకట్ట రాయదుర్గమునకు కారులో గంటసేపటి దూరమున నున్నది. అచ్చట దొరికినవారు ఎఱుకలేని పల్లెటూరివారు గారు. కారులెక్కి వచ్చినవారు. తరువాతి కథ ఇంకను చిత్రమైనది. న్యాయస్థానపు టుత్తరువుపై ఆ 84 కోళ్లను వేలము వేసిరి. 16 లక్షల రూపాయలకు పైగా వచ్చినది. లెక్కవేసి చూడుడు, ఒక్కొక్క కోడి 19 వేలకు మించిన వెల! కూరకొఱకు 19 వేలిచ్చి కోడిని కొనువాడెవడు? ఆ కోడి మరల ఏ బరికి పోవునో తెలియనివారెవరు?

న్యాయస్థానమును ఆక్షేపించుట మా యుద్దేశము గాదు. కాని, వ్యాజ్యములో పట్టుబడిన జంతువులను వ్యాజ్యము తేలువఱకు సంరక్షణాలయములలో నుంచి పోషించుటకు 2017లో కేంద్ర ప్రభుత్వమువారు ప్రత్యేకముగా నియమములు చేసియుండిరి. ఆ కోళ్లు బ్రతుకునా, చచ్చునా, ఎవరి చేతికి పోవుచున్నవి యను ప్రశ్న వేయదగిన చోట టెలివిజనువారు వేసిన ప్రశ్న ఏది? ఏ కోడి ఎంత ధర పలికినదనియే. వేలపుపాటను క్రీడా వార్తవలె, 'రికార్డు ధర' యని చెప్పి నవ్వించిరి. నేరమునకు సాక్ష్యముగా పట్టుబడిన ప్రాణి, అందఱి కన్నులయెదుట, సరకుగా మాఱినది. అది యొక వార్త యని వారికి దోచలేదు.

కత్తి కట్టుట యనగా నేమో స్టూడియోవారు చెప్పరు గనుక మేము చెప్పవలసియున్నది. పందెపుకోడిని నెలల తరబడి వేఱుగా గట్టివేసి, జీడిపప్పు, బాదముపప్పు, మాంసపు ఖైమా పెట్టి, నీట నీదించి, ఒళ్లు మర్దించి పెంచుదురు. ఈ పోషణను టెలివిజనువారు మురిపెముగా చూపుదురు. బిడ్డవలె పెంచుచున్నారనియు చెప్పుదురు. పండుగనాడు ఆ బిడ్డ కాలికి పదునైన ఉక్కు కత్తిని దారముతో బిగించి కట్టుదురు. కోళ్లు తమలో తాము పోరాడుట స్వభావమే కదా యని వాదించువారు ఒక్క సంగతి మఱచుచున్నారు. పెరటిలో రెండు పుంజులు పోరాడునప్పుడు బలహీనమైనది తల వంచి పాఱిపోవును. దానితో పోరు ముగియును. స్వభావము దానికి ఆ దారిని ఉంచినది. బరిలో ఆ దారి మూసివేయబడినది. పాఱిపోవు కోడిని పట్టి తెచ్చి మరల ఎదుట నిలుపుదురు. సోలిపోయిన దాని ముఖముపై నోటితో నీళ్లు చిమ్మి, లేపి, మరల వదలుదురు. కాలి ముల్లుతో గీఱుకొని పోవలసిన పోరు ఉక్కు కత్తివలన ఒకటి రెండు నిమిషములలో ప్రేవులు తెగు పోరగుచున్నది. ఇందు కోడి స్వభావమెంత, మనుష్యుని స్వభావమెంత?

ఆ ఉక్కు కత్తికి యజమానుడెవ్వడో తెలియదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలము లొత్తునూరున పందెమునకు తెచ్చిన కోడియొకటి, కాలికి కత్తి కట్టిన పిదప, బెదరి తప్పించుకొనబోయినది. ఆ కత్తి దానిని పట్టుకొన్న మనుష్యుని తొడమొదట దిగబడి, నెత్తురు కారి, అతడు మరణించినాడు. పోలీసులు ఆ కోడిని స్టేషనునకు తెచ్చి, దానికి గింజలు వేసి, కాచియుంచిరి. అంతే, టెలివిజనువారికి పండుగ వచ్చినది! 'హంతక కోడి', 'ఠాణాలో నిందితుడు', 'కోడికి బెయిలు దొరకునా' యని ఎన్ని చమత్కారములు! ఖండాంతరములలోని పత్రికలు కూడ ఆ వార్తను అచ్చొత్తి నవ్వుకొన్నవి. కోడిని తాము అరెస్టు చేయలేదని పోలీసులు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చినది. ఆ నవ్వులో మృతుని యింటనున్నవారి మాట వినబడినదా? కత్తి కట్టినదెవరు, కత్తి నూఱినదెవరు, పందెము నడిపినదెవరు అను ప్రశ్నలు వినబడినవా? నేరమునంతయు ఒక మూగప్రాణి మెడకు చుట్టి, మనుష్యులందఱును ప్రేక్షకులైరి. 2023 సంక్రాంతికి గోదావరి ప్రాంతమున అట్లే కోడికత్తులు తగిలి ఇద్దఱు మరణించిరి. ఆ మఱునాడును బరులనుండి వేడుకల ప్రసారము జరుగుచునే యున్నది.

మృగముల బాధను నవ్వులాటగా జేయుట ఎట్టిదో ఈ లొత్తునూరు వార్తవలననే తెలియుచున్నది. కోడి చావు నవ్వదగినదని మనస్సు అలవాటుపడినచో, దాని ప్రక్కన పడిన మనుష్యుని చావును గూడ నవ్వుగనే చూచును. కరుణకు రెండు ఖాతాలు లేవు.

ఇక చట్టమును చూతము. వకీలు వృత్తిలోనున్న మాకు ఇది వాడుకైన త్రోవ. 1960లో జంతుహింసా నివారణ చట్టము పుట్టినది. 1953లో రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు ఇట్టి బిల్లును ప్రవేశపెట్టగా, ప్రభుత్వమే చట్టము తెచ్చునని శ్రీ నెహ్రూ మాట యిచ్చిన మీదట ఆమె దానిని ఉపసంహరించుకొనిరి. ఆ మాటయొక్క ఫలమే ఈ చట్టము. అందలి 11వ సెక్షను, కేవలము వినోదము గూర్చుటకై ఒక జంతువును మఱియొక జంతువుతో పోరాడుటకు రేపుట నేరమని చెప్పుచున్నది. అట్టి పోరులకై స్థలమును ఏర్పఱచుట, నిర్వహించుట, అందులకై ప్రవేశ రుసుము గొనుట గూడ నేరములే. చదువరులు 'వినోదము' అను మాటను గమనింపవలెను. చట్టము చేసినవారు కేవలము నెత్తురును చూచి ఆగలేదు. ఆ నెత్తురును వినోదముగా నమ్ముకొనుటను పట్టుకొనిరి. బరి చుట్టును నిలిచిన రెండువందల మందికి వినోదము గూర్చినవాడు నేరస్థుడైనచో, అదే వినోదమును లక్షల యిండ్లకు గూర్చి, దానిపై ప్రకటనల సొమ్ము గొనువాడు ఎవడు? ఈ సెక్షనుకు ఇంతటి విస్తారార్థమును న్యాయస్థానము అంగీకరించునో లేదో వేఱు ప్రశ్న. సామాన్య బుద్ధికి మాత్రము ఇందు సందేహమునకు తావు కనబడుట లేదు.

ఈ చట్టములో మొదటి నేరమునకు విధించిన జుల్మానా 10 రూపాయలు మొదలుకొని 50 రూపాయలు! 1960లో 50 రూపాయలు కొంత సొమ్మే కావచ్చును. బరికడ లక్షలు ఒడ్డు పెద్దమనుష్యునికి అది తాంబూలపు ఖర్చునకు చాలదు. చట్టపు చేయి ఇంత బలహీనమైనచోట లోకాభిప్రాయమే దానికి బలమీయవలెను. ఆ లోకాభిప్రాయమును తయారుచేయు యంత్రము టెలివిజను. ఆ యంత్రము తిరుగుచున్న దిక్కు ఎట్టిదో పైన చెప్పితిమి.

న్యాయస్థానములు తమ పనిని చేయకపోలేదు. 2014 మే 7వ తేదీన సుప్రీముకోర్టు జల్లికట్టు వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, జంతువులను మనుష్యులతోగాని, తోటి జంతువులతోగాని పోరాడుటకు రేపకుండ చూడవలసినదని ప్రభుత్వములను ఆదేశించినది. 2016 డిసెంబరులో అప్పటి హైదరాబాదు ఉన్నత న్యాయస్థానము కోడిపందెములను అరికట్టవలసినదిగా అధికారులను ఆజ్ఞాపించినది. ఆజ్ఞ వెలువడిన మఱుసటి నెలలోనే సంక్రాంతి వచ్చినది. పందెములును వచ్చినవి. టెలివిజను కెమెరాలును వచ్చినవి. నాటినుండి ప్రతి సంవత్సరమును ఒకే తెరపై ఉదయము 'పందెములపై పోలీసుల కఠిన వైఖరి' యను వార్తయు, మధ్యాహ్నము 'బరిలో కోడిపుంజుల సందడి' యను ప్రత్యక్ష ప్రసారమును వరుసగా వచ్చుచున్నవి. శాసనసభ్యులు బరికి విచ్చేసి, పంచె సవరించుకొని, మైకుముందు నిలిచి, సంప్రదాయమును గూర్చి ఉపన్యసింతురు. ఏ పక్షమువారు అధికారములోనున్నను ఈ దృశ్యము మాఱలేదు. రాజకీయముగా తిట్టుకొను పక్షములకు ఐకమత్యము కుదిరిన ఏకైక స్థలము కోడిబరియేమో యని మాకు తోచుచున్నది.

జల్లికట్టును 2023లో సుప్రీముకోర్టువారే అనుమతించిరి గదా యని కొందఱు విద్యావంతులు సైతము చెప్పుచున్నారు. ఇది సగము తెలిసిన మాట. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సమర్థించినది తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రములు ఎద్దుల క్రీడలను గూర్చి చేసికొని, రాష్ట్రపతి సమ్మతి పొందిన సవరణ చట్టములను. ఆంధ్రప్రదేశముగాని, తెలంగాణముగాని కోడిపందెములను గూర్చి అట్టి చట్టమును చేయలేదు. కావున కత్తి కట్టిన కోడిపోరు నేటికిని నేరమే. దానిపై పందెము గాచుట 1974 నాటి గేమింగు చట్టము క్రిందను శిక్షార్హమే. ఎద్దును చూపి కోడి కత్తికి చట్టబద్ధత తెచ్చుట వకీళ్లలో కూడ పిట్టకథల వకీళ్లు చేయు పని.

సంప్రదాయమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. టెలివిజనువారు ప్రతి సంవత్సరమును పల్నాటి కోడిపోరును ఉదాహరింతురు. బ్రహ్మనాయుని కోడియు, నాయకురాలు నాగమ్మ కోడియు పోరాడినవని గొప్పగా చెప్పి అచ్చట ఆపుదురు. ఆపినదే మోసము. ఆ కోడిపోరులో ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి వలసపోయిరి. గడువు తీఱిన పిదపను రాజ్యము దక్కక, రాయబారము చెడి, కారెంపూడి రణరంగమున అన్నదమ్ముల బిడ్డలు ఒండొరులను చంపుకొనిరి. ఒక పందెమువలన ఒక సీమ యంతయు వల్లకాడైన కథ అది. కార్తికమాసమున కారెంపూడిలో నేటికిని వీరులను తలచుకొని ఉత్సవము చేయువారికి ఆ కథ తుది యెట్టిదో తెలియును. పట్టుబట్టలు గట్టుకొని స్టూడియోలో కూర్చున్నవారికి తెలియదు. తెలిసినను చెప్పరు. క్రీడాభిరామములో కోడిపోరు వర్ణన లేదా యని ఇంకొకరు అడుగుదురు. కలదు. ఓరుగంటిలో జూదరులును వేశ్యవాడలును ఉన్నట్లు గూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. పాతదై కవికి వస్తువైన ప్రతిదియు పూజ్యమగునా?

ఇది పాశ్చాత్యుల మాట, మిషనరీల దయ, ఆంగ్ల విద్యవలన వచ్చిన సుకుమారత యని యెగతాళి చేయువారు గలరు. వారిని కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడికి పోయి రమ్మందుము. అచ్చటి బండలపై అశోకుని శాసనములు సుమారు 2,200 సంవత్సరములనుండి నిలిచియున్నవి. ఆ ధర్మశాసనములలో మొట్టమొదటిది జీవహింసను, జనులు గుంపుగూడి వేడుకలు చూచు 'సమాజము'లను గూర్చినదే. ప్రాణిని చంపి బలియీయరాదనియు, అట్టి సమాజములు చేయరాదనియు, వానిలో తాను పెక్కు దోషములను చూచుచున్నాననియు రాజు చెప్పినాడు. కొన్ని సమాజములు మంచివే యనియు అందే చెప్పినాడు, అనగా వేడుకనెల్ల ద్వేషించిన శుష్కుడు గాడు. అదే శాసనమున తన వంటశాలలో ఇంకను రెండు నెమళ్లు, ఒక జింక చంపబడుచున్నవనియు, అదియు ముందు మాన్పింతుననియు దాచక చెప్పినాడు. ఇంగ్లండు దొరలు కోడిబరులను నిషేధించుకొన్నది 1835లో. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కడపటిదైన లూసియానా నిషేధించినది 2008లో. అంతవఱకును వారును బరుల చుట్టు చేరి కేకలు వేసినవారే. ఈ విషయమున పాశ్చాత్యులు మనకు గురువులు గారు. మన యెఱ్ఱగుడి బండ వారికంటె పెద్దది. ఆ బండయున్న దేశమున పుట్టి, ఉక్కు కత్తి కట్టుటయే తెలుగుతనమని చెప్పుకొనుటకంటె జాతికి అవమానము వేఱేమున్నది?

కోడిమాంసము తినువారికి కోడిపందెమును ఖండించు నధికారమేది యని అడుగువారికి గూడ ఆ శాసనమే ఉత్తరము చెప్పుచున్నది. మేము శాకాహారవ్రతమును ఉపదేశించుటకు పూనుకొనలేదు. మా చదువరులలో కనుమనాడు కోడికూర వండుకొనువారు పెక్కురని మేమెఱుగుదుము. ఆకలికై ఒక ప్రాణిని చంపుట వేఱు. దానిని వీలైనంత తక్కువ బాధతో చేయవలెనని చట్టములును, ధర్మమును గూడ కోరుచున్నవి. బాధయే వినోదమై, బాధ ఎంత ఎక్కువైనచో పందెము అంత రక్తి కట్టునట్టి యేర్పాటు వేఱు. ఈ రెంటికిని భేదము తెలియదని నటించువాడు వాదించుచున్నాడు గాని నమ్ముట లేదు.

టెలివిజనువారి అసలు సమాధానము ఇంకొకటి కలదు. 'జరుగుచున్నదానిని మేము చూపుచున్నాము. పత్రికా స్వాతంత్ర్యమునకు అడ్డువత్తురా?' ఈ మాటను మేము తేలికగా తీసివేయము. పత్రికాస్వాతంత్ర్యము మాకును ప్రాణప్రదమే. చూపవద్దని మేమనుట లేదు. చూపుడు! బరికి స్థలమిచ్చినదెవరో చూపుడు. ఆ ప్రక్కన నిలిచి చూడనట్లు నటించు అధికారిని చూపుడు. కత్తి దిగిన కోడిని అది చచ్చువఱకు, కెమెరా మరల్చక చూపుడు. 2025 మార్చి చివర, ఏప్రిలు మొదట, రాయదుర్గమునకు ప్రక్కనేయున్న కంచ గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయమును ఆనుకొనిన 400 ఎకరముల నేలపై యంత్రములు చెట్లను కూల్చుచుండగా, రాత్రివేళ నెమళ్లు అఱచిన అఱపును ఇవే తెరలు వినిపించినవి. జింకలను చూపినవి. వానిలో కొన్ని చిత్రములు కృత్రిమముగా కల్పించినవని ప్రభుత్వము వాదించినది. ఆ వివాదము నటుంచుదము. విద్యార్థులు కదలిరి, దేశము విన్నది, ఏప్రిలు 3న సుప్రీముకోర్టు తనంతట తాను జోక్యము చేసికొని చెట్లు కొట్టుటను ఆపించినది. కావున టెలివిజనుకు శక్తి లేదని మేమెట్లందుము? అడవి నెమలి అఱపు విని కన్నీరు పెట్టిన తెరయే, తొమ్మిది నెలలకు సంక్రాంతి రాగా, 'నెమలి' యని పేరుగల పుంజు ప్రేవులు తెగుచుండగా డప్పు వాయించుచున్నది. తప్పు చూపుటలో లేదు. ఏ గొంతుతో చూపుచున్నారన్నదియే ప్రశ్న.

సినిమావారి సంగతిని దీనితో పోల్చి చూడుడు. ఒక చిత్రములో ఒక కోడినో, ఎద్దునో చూపవలెనన్నచో నిర్మాత జంతు సంక్షేమ మండలివారి అనుమతిపత్రము తేవలెను. ఏ జంతువును హింసింపలేదని మొదటనే తెరపై ప్రకటింపవలెను. లేనిచో సెన్సారువారు చిత్రమును దాటనీయరు. అందువలన నేటి తెలుగు చిత్రములలోని కోడిపోరులు యంత్రములపై గీసిన బొమ్మలాటలగుచున్నవి. కల్పిత కథలో కోడికి దెబ్బ తగులరాదు. నిజమైన బరిలో నిజమైన కోడి నిజముగా చచ్చుచుండగా, దానిపై పాట పెట్టి చూపుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు! ఈ వింత న్యాయము ఏ ధర్మశాస్త్రములోనిదో పెద్దలు చెప్పవలెను.

కేబులు టెలివిజను చట్టము 1995లో వచ్చినది. దాని నియమములలోని కార్యక్రమ నియమావళి హింసను రేపునట్టివియు, శాంతిభద్రతలకు విరుద్ధమైనవియు ప్రసారము చేయరాదని చెప్పుచున్నది. ఉన్నత న్యాయస్థానము నిషేధించిన నేరమును ఉత్సవముగా ప్రసారము చేయుట దీని క్రిందికి రాదని వాదించువాడెవడైన నున్నచో, ఆ వాదమును బహిరంగముగా వినుటకు మేము సిద్ధముగా నున్నాము. 2021 జూనులో ఆ నియమములకు చేర్చిన సవరణ ప్రకారము ప్రేక్షకుడెవ్వడైనను ప్రసార సంస్థకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. అందినట్లు 24 గంటలలో వారు తెలుపవలెను. 15 దినములలో నిర్ణయము చెప్పవలెను. ఆ నిర్ణయము తృప్తికరము గానిచో వారి స్వయం నియంత్రణ సంఘమునకును, అటుపిమ్మట కేంద్ర ప్రభుత్వపు సంఘమునకును పోవచ్చును. ఈ హక్కు ఉన్నదనియే మనలో నూటికి తొంబదిమందికి తెలియదు. టెలివిజనువారు తమ తెరపై దీనిని ఎప్పుడును హోరాహోరీగా చాటలేదు.

ప్రకటనలిచ్చు సంస్థలవారిని గూడ విడువరాదు. బరి ప్రసారమునకు నడుమ కనబడు వస్త్రదుకాణముల, స్థలముల వర్తకుల, నగల అంగళ్ల ప్రకటనలను చదువరులు చూచియేయున్నారు. తమ పేరు కోడి నెత్తుటి ప్రక్కన కనబడుచున్నదని ఆ వర్తకులకు తెలియునో తెలియదో, తెలుపుట మన పని. ఖాతాదారుని యుత్తరమునకు వర్తకుడు భయపడినట్లు ప్రభుత్వపు నోటీసునకు గూడ భయపడడు. రాయదుర్గపు మేడలలో పనిచేయు యువకులు ఏ చిన్న అసౌకర్యమునకైనను నిమిషములో ఫిర్యాదు వ్రాయుటయందు ఆఱితేఱినవారు. ఆ నేర్పును ఈ పనికి వినియోగింపుమని వారిని కోరుచున్నాము.

పట్టణములోని పఠనాలయముల కార్యదర్శులకు మా మనవి యొకటి. పండుగ మూడు దినములును పఠనాలయపు టెలివిజనును మూసివేయవలదు. మూసివేసినచో సాక్ష్యము పోవును. ఇద్దఱు సభ్యులను కూర్చుండబెట్టి, ఏ సంస్థ, ఏ తేదీన, ఏ గంటకు, ఎంతసేపు బరిని వేడుకగా చూపినదో, ఆ నడుమ ఎవరి ప్రకటనలు వచ్చినవో ఒక పుస్తకములో వ్రాయింపుడు. సంస్థ పేరు, తేది, సమయము లేని ఫిర్యాదును వారు మొదటి దినముననే త్రోసివేయుదురు. ఫిర్యాదు పత్రపు ముసాయిదాను తెలుగులో సిద్ధము చేసి మా కార్యాలయమున నుంచితిమి. కోరినవారికి ఖర్చు లేకుండ పంపగలము.